మిస్డ్ కాల్‌లో మాటే లేదు కదా, మరి కబురు ఎట్లా అందుతోంది?

పాలెం కుర్రోడు (కొత్తపట్నం దగ్గర):
మా నాయన ఫైబర్ బోటు మీద వేటకు పోతాడు. ఒడ్డుకు రాగానే అమ్మకు ఒక మిస్డ్ కాల్ కొడతాడు. ఒక్క రింగే. అన్‌లిమిటెడ్ ప్యాకులు వచ్చి ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. రింగు వినగానే అమ్మ లేచి బియ్యం కడుగుతుంది. "ఎత్తి మాట్లాడొచ్చు కదమ్మా" అంటే, "ఎత్తితే ఇంట్లో ఏదో అయిందనుకుంటాడు రా" అంటుంది.

మొన్న బోటు ఇంకా నీళ్ల మీద ఉండగానే జేబులో ఫోను నొక్కుకుపోయి రింగు వచ్చింది. అన్నం ఉడికింది, మనిషి మాత్రం మూడు గంటల తర్వాత వచ్చాడు. ఆ మూడు గంటల టెన్షన్ మాకే తెలుసు. రింగు అదే, నంబరు అదే, కబురు మాత్రం అబద్ధం.

నేను ఇంజినీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) చదువుతున్నా. మా పుస్తకంలో ఇన్ఫర్మేషన్ అంటే లాగరిథమ్ ఫార్ములా. అందులో మా నాయన ఎక్కడున్నాడో అర్థం కావట్లేదు.

ఇంకొకటి. కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెబితే, రెండు కంటే ఒక మెట్టు ఎక్కువని నాయన అంటాడు. నిజమేనా?

ఒంగోలు మాస్టారు:
మీ నాయన ఆ ఫార్ములాలో లేడు బాబూ, కావాలనే బయట పెట్టారు. 1948లో ఆ ఫార్ములా ఇచ్చిన అమెరికా ఇంజినీరు క్లాడ్ షానన్ తన పేపరు మొదట్లోనే, సందేశానికి అర్థం ఉండొచ్చు గానీ ఇంజినీరుకు దానితో పని లేదని తేల్చేశాడు. ఆయన కొలిచింది ఒక్కటే: రాగలిగిన వాటిలో ఏది వచ్చింది, అది ఎంత అరుదు.

మీ ఇంటికే లెక్క కడదాం. నూటికి తొంభైతొమ్మిది రోజులు రింగు వస్తుందనుకో. ఆ అరుదును కొలిచే యూనిట్ బిట్టు; ఎంత అరుదైతే అన్ని ఎక్కువ బిట్లు. వచ్చిన రింగు విలువ 0.015 బిట్లు కూడా ఉండదు. రాని రోజు ఆ నిశ్శబ్దం 6.6 బిట్లు. మీ అమ్మగారు ఏ లాగరిథమూ చదవకుండానే ఆ సాయంత్రాలు ఫోను పక్కన ఎందుకు కూర్చుంటారో ఇప్పుడు చూడు.

జేబు నొక్కిన రింగుకూ బిట్లు అన్నే ఉన్నాయి. నిజమా అబద్ధమా అన్నది ఆ లెక్కకు పట్టదు. "రింగంటే ఒడ్డుకు చేరాను" అన్న ఒప్పందం మీ అమ్మానాన్నల మధ్య ఉంది, తీగలో లేదు.

పాత తార్ మనిషి, నెల్లూరు:
మాస్టారు చెప్పింది మేం సైకిలు మీద చూశాం. 2013 జులైలో టెలిగ్రాం ఆపేశారు గానీ, అంతకు ముందు పల్లెలో మా సైకిలు గడప ముందు ఆగితే చాలు, ఏడుపు మొదలయ్యేది. కోవూరు దగ్గర ఒక ముసలమ్మ కవరు విప్పకుండానే గుండెలు బాదుకుంది. లోపల మనవడికి ఉద్యోగం వచ్చిందని ఉంది! చదివి చెప్పినా నమ్మలేదు, పక్కింటాయనతో మళ్లీ చదివించుకుంది.

శుభాకాంక్షలకైతే నంబర్లు ఉండేవి. పెళ్లికి ఒకటి, దీపావళికి ఒకటి. కొట్టేది నంబరే, అవతల వాక్యం మొత్తం రాసిచ్చేవాళ్లు. పట్టిక రెండు చోట్లా ఉండాలి, అంతే.

రేవు మనిషి:
నాయనకు చెప్పు, ఆ నంబర్లు మెట్లు కావు. రెండు అంటే దూరంగా సముద్రంలో తుపాను పుట్టింది, బయల్దేరే ఓడలకు ప్రమాదం. మూడు అంటే ఈ రేవు మీదికే ఈదురుగాలులు రావొచ్చని. పుట్టింది వాయుగుండమే అయినా మూడు ఎగరేస్తారు. ఇక 5, 6, 7 మూడింటిలోనూ ప్రమాదం ఒకే స్థాయి. అయిదైతే తుపాను రేవును తనకు ఎడమవైపు వదిలి పోతుంది, ఆరైతే కుడివైపు, ఏడైతే రేవు మీదుగానో పక్కనుంచో దాటుతుంది. 8, 9, 10 ఇదే వరస, మహా ప్రమాదంతో. పదకొండు మాత్రం వింత: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడేలా ఉందని ఇక్కడి అధికారి అనుకుంటున్నాడు అని. కబురు రావట్లేదన్న కబురుకు కూడా ఒక నంబరు పెట్టారన్నమాట.

పాలెం కుర్రోడు:
నాయనకు చదివి వినిపించా. "ఎడమ అంటే ఎవరికి ఎడమ? మనకా, తుపానుకా?" అన్నాడు.

రేవు మనిషి:
తుపానుకు. అది పోయే దిక్కుకు మొహం పెట్టి నిలబడాలి. మన తీరానికి అది మామూలుగా పడమరకు వస్తుంది కాబట్టి ఎడమంటే దక్షిణం. అంటే అయిదో నంబరు ఎగిరితే తుపాను మనకు ఉత్తరాన దాటుతోంది. తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది, కాబట్టి మన మీదికి నేల వైపు నుంచి వీస్తుంది. ఆరైతే సముద్రం నుంచి వీస్తుంది, నీళ్లు ఒడ్డెక్కేది అప్పుడే.

పాలెం కుర్రోడు:
చెప్పా. "అట్లాగైతే పడమర గాలి, తూరుపు గాలి అని చెప్పొచ్చు కదంట్రా, ఈ అంకెలెందుకు" అని, అయిదు పక్కన పడమర, ఆరు పక్కన తూరుపు అని బోటు లోపలి చెక్క మీద నా చేత రాయించాడు.