కానుగ నూనె: ఊర్లోనే బయోడీజిల్ చేయాలా, నూనెతోనే ఆపాలా?

పరకాల రైతు:
మా దిక్కు మహిళా సంఘాలు కానుగ గింజలు ఏరి షావుకారుకు అమ్ముతున్నయి. నాలుగు కిలోల గింజలకు దగ్గర దగ్గర లీటరు నూనె వస్తది. ఊర్లోనే ఆ నూనెను డీజిల్ లెక్క పనిచేసే బయోడీజిల్‌గా మార్చి ఇంజిన్లకు పోస్తే ఆ లాభం ఊర్లోనే ఉండదా?

కాజీపేట కెమిస్ట్:
చేయాల్సిందే అన్నా. నూనె వడగట్టి 110 డిగ్రీల దాకా కాచి తేమ పోగొట్టాలి. 60కి చల్లారినంక, 100 లీటర్ల నూనెలో 20 లీటర్ల మిథనాల్ (విషపు ఆల్కహాల్) పోయాలి. ఆ మిథనాల్‌లో ముందే 900 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ (ఘాటైన క్షారం) కరిగించి పెట్టుకోవాలి. మూత బిగించి గంటన్నర కలపాలి. 65 దగ్గర మిథనాల్ మరిగిపోతది, వేడి అంతదాకా పోనియ్యొద్దు. రాత్రంతా కదపకుండా ఉంచితే నల్లటి గ్లిజరిన్ అడుగుకు దిగుతది, తీసేయాలి. పైదాన్ని గోరువెచ్చని నీళ్లతో మూడు నాలుగు సార్లు కడగాలి. మొదటిసారి నీళ్లు చిలకరించాలి, గిలకొడితే మజ్జిగ లెక్క కలిసిపోయి విడిపోదు. చివర్లో మళ్లీ వేడిచేసి చెమ్మ తీయాలి.

హన్మకొండ మెకానిక్:
ఈ కొలతలు మంచి నూనెకే. వానకు తడిసి కుప్పల మగ్గిన గింజల నూనెలో ఆమ్లం పెరుగుతది. అప్పుడు డ్రమ్ములో బయోడీజిల్ కాదు, సబ్బు తయారైతది. పైగా మిథనాల్ మంట పగటిపూట కంటికి కనబడదు, ఒంట్లోకి పోతే చూపు పోతది. కట్టెల పొయ్యి ఉన్న షెడ్డులో ఈ పని వద్దే వద్దు.

కాజీపేట కెమిస్ట్:
భద్రత మాట ఒప్పుకుంటా. ఆమ్లానికి మాత్రం పరీక్ష ఉంది. ఒక మి.లీ. నూనెను 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే మందు) వేయాలి. లీటరు నీటికి గ్రాము పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణాన్ని, గులాబీ రంగు నిలిచేదాకా చుక్క చుక్కగా వదలాలి. ఎన్ని మి.లీ. పడితే లీటరు నూనెకు అన్ని గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ అదనంగా వేయాలి. 4 మి.లీ. దాటితే ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తో ఒక విడత నడపాలి.

హన్మకొండ మెకానిక్:
ఆ అదనపు విడతే ఊరికి మోయలేని భారం. ఆదిలాబాద్ పవర్‌గూడ మహిళలు మిల్లు పెట్టి నూనె తీశారు, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోకుండా తగ్గించిన లెక్కను (కార్బన్ క్రెడిట్) ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వాళ్లు చూపిన దారి నూనెదే. నూనె తీయంగ మిగిలిన పిండి పొలానికి ఎరువైతది.

నెమ్మదిగా తిరిగే పాతకాలపు పంపు ఇంజిన్‌కు వడగట్టిన నూనె చాలు. నూనె డీజిల్ కంటే పది రెట్లు చిక్కన, అందుకే సైలెన్సర్ వేడితో కాచి పంపాలి. డీజిల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కినంక నూనెకు మార్చి, ఆపే ముందు మళ్లీ డీజిల్‌పై నడపాలి. లేకుంటే ఇంజిన్లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌కు మసి పట్టి మూసుకపోతది. ఇంధనాన్ని ఎక్కువ ఒత్తిడితో సన్నగా చిమ్మే కొత్త కామన్ రైల్ ట్రాక్టర్లకు మాత్రం పోయొద్దు.