కృతజ్ఞతా బలి మాంసం తెల్లారేలోగా ఎందుకు అయిపోవాలి?

కొండవీటి పాఠకుడు:
మొన్న మా బైబిల్ స్టడీలో లేవీయకాండము 7వ అధ్యాయం దగ్గర పెద్ద వాదన జరిగింది. అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. సమాధాన బలి అంటే తెచ్చినవాడు కూడా కూర్చుని తినే బలి. దహనబలి అయితే మాంసమంతా కాలిపోతుంది, పాపపరిహారార్థ బలిలో తెచ్చినవాడికి ఒక్క ముక్క దక్కదు. ఇందులో మాత్రం రక్తం బలిపీఠం చుట్టూ చల్లుతారు, క్రొవ్వు, మూత్రగ్రంథులు, కాలేజం మీది వప (కొవ్వు పొర) కాలుస్తారు, బోర (రొమ్ము భాగం) యాజకులందరికీ, కుడి జబ్బ ఆ బలి జరిపించిన యాజకుడికి ఇస్తారు, మిగతాదంతా ఇంటివాళ్లదే. ఇది మళ్లీ మూడు రకాలు: కృతజ్ఞతకి, మొక్కుబడికి, ఎవరూ అడక్కుండా ఇష్టంతో ఇచ్చే స్వేచ్ఛార్పణ. చివరి రెండిటికీ రెండు రోజుల గడువు ఉంది. కృతజ్ఞతకి మాత్రం ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేసరికి ఏమీ ఉండకూడదు.

ఎందుకు? పదిమందిని పిలిచి పెట్టాలనే అని నా నమ్మకం. పక్కన రొట్టెలు ఎన్నో చూడండి. మిష్నా (యూదుల పాత ధర్మసూత్రాల సంకలనం) లెక్కలో మొత్తం 40. నూనె కలిపిన పొంగని రొట్టెలు 10, నూనె పూసిన పలచనివి 10, నూనెలో బాగా నానినవి 10, పులిసినవి 10. యాజకుడికి రకానికి ఒకటి చొప్పున 4 పోతే 36 మిగులుతాయి. పులిసిన రొట్టె ఒక్కోదానికి ఏఫాలో పదో వంతు పిండి. ఏఫా సుమారు 22 లీటర్లని లెక్కిస్తారు కాబట్టి, ఒక్క రొట్టెకే రెండు లీటర్ల పైచిలుకు పిండి! దానికి తోడు ఒక పొట్టేలో ఎద్దో. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు రాత్రిలోగా తినగలిగేది కాదు ఇది.

ల్యాబ్ మనిషి:
అన్నా, అంత దూరం వెళ్లక్కర్లేదు. ఎండ దేశం, ఫ్రిజ్ లేదు, కోసిన మాంసం ఎంతసేపు నిలుస్తుంది? మూడో రోజు తినొద్దని కచ్చితంగా చెప్పారంటే జనం జబ్బు పడకూడదనే. నా ఉద్యోగమే ఇలాంటి శాంపిల్స్ చూడటం కాబట్టి నాకు ఆ నియమం చదవగానే అర్థమైపోయింది.

కొండవీటి పాఠకుడు:
అదే పొట్టేలు, అదే కత్తి, అదే ఎండ. మొక్కుబడికి కోస్తే రెండు రోజులు, కృతజ్ఞతకి కోస్తే ఒక్క రోజు. మాంసం పాడయ్యే వేగం తెచ్చినవాడి మనసులో ఉన్న కారణాన్ని బట్టి మారదు కదా తమ్ముడూ.

లేవీ విద్యార్థి:
ఆరోగ్యం వాదన ఇంకో చోట కూడా నిలబడదు. 7:18 ప్రకారం మూడో రోజు తింటే ఏమవుతుంది? ఆ బలి అంగీకరించబడదు, తెచ్చినవాడి లెక్కలో చేరదు. తిన్నవాడికి రోగం వస్తుందని ఎక్కడా లేదు. ఇది పూర్తిగా ఆరాధనకి సంబంధించిన భాష.

కానీ కొండవీటి అన్నగారి వాదన కూడా నాకు ఎక్కడం లేదు. ఒక్క రోజు గడువు కృతజ్ఞతా బలికి మాత్రమే ఉంటే ఒప్పుకునేవాణ్ణి. పస్కా (ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రి పండుగ) గొర్రెపిల్లకీ ఉంది, తెల్లారేవరకు ఏమీ మిగలకూడదు. యాజకుల్ని ఆ పనికి ప్రతిష్ఠించేటప్పుడు కోసే పొట్టేలుకీ ఉంది. పాపపరిహారార్థ బలిని పరిశుద్ధ స్థలంలో యాజకులే తింటారు, దానికీ ఒక పగలూ రాత్రే అని మిష్నా చెబుతుంది. బయటివాళ్లని పిలిచే వీలే లేనిచోట కూడా అదే గడువు పెట్టారంటే కారణం విందు కాదు. బలిపీఠానికి ఎంత దగ్గరగా ఉంటే గడువు అంత తక్కువ, పరిశుద్ధత స్థాయిని బట్టి నడిచే నియమం ఇది. నా దృష్టిలో కృతజ్ఞతా బలి మిగతా సమాధాన బలుల కంటే ఒక మెట్టు పైన ఉంది, అంతే.

ఖమ్మం అక్క:
నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు గానీ ఒకటి చెప్తాను. 107వ కీర్తనలో కృతజ్ఞత చెల్లించాల్సినవాళ్లు నాలుగు రకాలు కనిపిస్తారు: ఎడారిలో దారి తప్పి బయటపడ్డవాళ్లు, సంకెళ్ల నుంచి విడుదలైనవాళ్లు, జబ్బు నుంచి లేచినవాళ్లు, సముద్రంలో తుఫాను దాటినవాళ్లు. మిష్నా మీద యూదు పండితుల చర్చలున్న తాల్ముద్‌లో కూడా ఈ నలుగురే కృతజ్ఞత చెప్పాలని ఉంది. బలులు జరిగే యెరూషలేము ఆలయం పోయాక కూడా యూదులు ఆ కృతజ్ఞతని ఇంట్లో ఒంటరిగా చెప్పుకోరు, పదిమంది ఉన్న సమాజంలో నిలబడి చెబుతారు. చావు అంచు దాకా వెళ్లొచ్చినవాడు ఒంటరిగా భోంచేసి పడుకోవడమేంటి? మన ఇళ్లలో కృతజ్ఞతా కూడిక పెట్టినా అంతే కదా, పెద్దాయన గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చాడంటే వీధిలో వాళ్లకి కూడా భోజనం పెట్టి, ఏం జరిగిందో ఆయన నోటితోనే చెప్పిస్తాం.

అయితే కొండవీటి తమ్ముడు ఒక సంగతి మర్చిపోకూడదు. ఆమోసు 4:5 చదవండి. పులిసిన పిండితో స్తోత్రార్పణ (అంటే కృతజ్ఞతార్పణే) చేయండి, స్వేచ్ఛార్పణల గురించి చాటించండి, మీకు అదే ఇష్టం కదా అని ప్రవక్త మండిపడతాడు. అదే అధ్యాయం మొదట్లో బీదల్ని నలిపేవాళ్ల గురించి చెప్పాడు. బీదవాణ్ణి నలిపి వచ్చిన డబ్బుతో పెట్టిన విందుకి ఎంతమంది వస్తే ఏం లాభం?

కొండవీటి పాఠకుడు:
అక్కా, ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. విందు ఉండాలి, అందులో దీనులకి చోటుండాలి. 22వ కీర్తనలో అదే ఉంది, “దీనులు భోజనముచేసి తృప్తిపొందెదరు” అని. నేను చెప్పే కారణం కూడా కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దంలో వొలోజిన్ అనే ఊళ్లో యూదు మత పాఠశాల అధిపతిగా ఉన్న నఫ్తాలీ జ్వి యెహూదా బెర్లిన్ ఇదే రాశారు: రొట్టెలు ఎక్కువ, సమయం తక్కువ, ఎందుకంటే ఒకే పూట ఎక్కువమంది కూర్చుని దేవుడు చేసిన మేలు వినాలి.

లేవీ విద్యార్థి:
22వ కీర్తనలో చెల్లిస్తున్నది మొక్కుబడి, పై వచనమే చూడండి. దానికి గడువు రెండు రోజులు! మీ ఆధారం మీకే అడ్డం తిరుగుతోంది.

కొండవీటి పాఠకుడు:
116వ కీర్తన 17, 18 చూడు. కృతజ్ఞతార్పణ, మొక్కుబడులు, ప్రజలందరి ఎదుట, అన్నీ ఒకే ఊపిరిలో వస్తాయి. యోనా చేప కడుపులో చేసిన ప్రార్థన చివర కూడా ఆ రెండూ కలిసే ఉంటాయి. ఆపదలో మొక్కుకున్నవాడు బయటపడ్డాక కృతజ్ఞత తెస్తాడు, కీర్తనకారుడు వాటి మధ్య గీత గియ్యలేదు.

ఇక పస్కా సంగతి. నిర్గమకాండము 12:4 ఏమంటోంది? గొర్రెపిల్లని తినడానికి ఇంట్లో జనం చాలకపోతే పక్కింటివాళ్లని కలుపుకోమంటోంది. రాత్రి గడువు ఉన్నచోటే పొరుగింటి తలుపు తట్టాల్సి వచ్చింది. నా వాదనకి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

లేవీ విద్యార్థి:
పస్కా విషయంలో సరే, అది బలమైన మాటే. మరి ప్రతిష్ఠ పొట్టేలు? నిర్గమకాండము 29లో అహరోను, నలుగురు కొడుకులు, మొత్తం అయిదుగురు. ఒక పొట్టేలు, దాని బోర మోషేకి వెళ్తుంది. అన్యులు తినకూడదని స్పష్టంగా ఉంది, ఉదయానికి మిగిలింది కాల్చెయ్యమని ఉంది. పక్కింటివాళ్లు లేరు, అతిథులు లేరు. అయినా ఒక్క రాత్రే. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

కొండవీటి పాఠకుడు:
ఉంది, నువ్వే ఇచ్చావు. మిగిలింది కాల్చెయ్యమని అక్కడ ఉంది. పస్కాకీ ఉంది, 12:10లో. మొక్కుబడికీ ఉంది, మూడో రోజు కాల్చెయ్యాలి. ఇప్పుడు కృతజ్ఞతా బలి గురించి చెప్పిన రెండు చోట్లా చదువు, లేవీయకాండము 7:15, 22:30. మిగిలితే ఏం చెయ్యాలో లేదు. మిగలకూడదు అన్నంతవరకే ఉంది. మిగతా బలుల్లో మిగులు ఉండొచ్చని ధర్మశాస్త్రమే ఒప్పుకుంటోంది, ఇక్కడ మాత్రం మిగులు అనే ఆలోచనే లేదు. తినేవాళ్లు సరిపడా ఉన్నారని అనుకుంటేనే అలా రాస్తారు.

లేవీ విద్యార్థి:
కాల్చే నియమం అన్నిటికీ ఉమ్మడి, ప్రతి చోటా రాయనక్కర్లేదు. యూదు పండితులు కూడా మిగిలిన కృతజ్ఞతా మాంసాన్ని కాల్చాలనే అన్నారు, తెల్లారేదాకా ఆగకుండా అర్ధరాత్రికే ముగించమని హద్దు పెట్టింది కూడా ఎవరూ తప్పులో పడకూడదనే. వచనంలో లేని మాట మీద ఇంత బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. 22వ అధ్యాయం ఈ రాత్రి మళ్లీ మొత్తం చదివి రేపు రాస్తాను.

ఖమ్మం అక్క:
చదివేటప్పుడు 22:23 కూడా చూడు బాబూ. అవయవం ఎక్కువతక్కువ ఉన్న పశువుని స్వేచ్ఛార్పణకి ఒప్పుకుంటారు, మొక్కుబడికి ఒప్పుకోరు. మరి నువ్వు పై మెట్టు అంటున్న కృతజ్ఞత పేరు ఆ వచనంలో ఎందుకు లేదో అది కూడా చెప్పు.