చర్చ: బ్యాంకు లీగల్ ఒపీనియన్ వచ్చాక సొంత లాయరు అవసరమా?

మియాపూర్ వాసి:
పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొంటున్నాం. అమ్మే ఆయనకు అది తండ్రి పోయాక సంక్రమించింది. బ్యాంకు ప్యానెల్ లాయరు (బ్యాంకు తన తరఫున పెట్టుకున్నాయన) కాగితాలు చూసి సరే అన్నారట. ఆ ఫీజు కూడా మేమే కట్టాం. అయినా విడిగా ఇంకో లాయరుకు చూపించమని మా బావగారు పట్టుబడుతున్నారు. "బ్యాంకే అప్పు ఇస్తుంటే మీకెందుకు భయం" అంటాడు ఏజెంటు. వచ్చే వారం అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవాలి. ఏం చేయమంటారు?

ఆరో అంతస్తు:
ఏజెంటు మాటలో తప్పేమీ లేదు. లక్షలు అప్పిచ్చే బ్యాంకు గుడ్డిగా ఇవ్వదు. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక), లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పత్రాలు) అన్నీ తిరగేస్తుంది. ఇక సొంత లాయర్ల సంగతి నాకు అనుభవమే. నేను కొన్నప్పుడు ఒకాయన రెండు పేజీల ఒపీనియన్ ఇచ్చారు. ప్రతి పేరాలోనూ "మాకు చూపిన పత్రాల మేరకు" అన్న మాటే. రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క వాక్యంతో ఆయన తప్పుకుంటారు. పైగా మీరు ఆలస్యం చేస్తే మంచి ఫ్లాటును ఇంకొకరు తన్నుకుపోతారు.

దస్తావేజు:
ఆరో అంతస్తు గారూ, బ్యాంకు ఎవరి డబ్బు కోసం చూస్తుంది? రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 75 లక్షలు దాటిన గృహరుణానికి ఇంటి విలువలో 75 శాతం మించి అప్పు ఇవ్వకూడదు. మిగిలిన పాతిక శాతం కొనేవారి చేతి నుంచి పడేదే. రేపు హక్కులో లొసుగు బయటపడినా వాయిదాలు ఆగవు, బ్యాంకు మియాపూర్ వాసి గారి జీతం మీద నుంచే వసూలు చేసుకుంటుంది. ప్యానెల్ లాయరు రిపోర్టు రాసేది బ్యాంకుకు, ఈయనకు కాదు. అగ్రిమెంటులో ఏముందో, అప్పు మంజూరు కాకపోతే అడ్వాన్సు తిరిగి వస్తుందో లేదో చూడటం ఆయన పని కాదు.

ఈసీని కూడా అతిగా నమ్మకండి. రిజిస్టరు అయిన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. కోర్టులో నడుస్తున్న వాటా దావా గానీ, తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు గానీ కనిపించవు.

మియాపూర్ వాసి గారూ, "తండ్రి పోయాక సంక్రమించింది" అన్నారు. ఎలా? వీలునామా ఉందా? హిందూ కుటుంబమై, వీలునామా లేకపోతే 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకే కాదు, చనిపోయిన ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది. నాయనమ్మను అందరూ మరచిపోతారు. "ఆడపిల్లలకు పెళ్లిలోనే ఇచ్చేశాం" అన్న మాట కోర్టులో నిలవదు. మున్సిపాలిటీ పన్ను రసీదులో కొడుకు పేరు ఎక్కినంత మాత్రాన అది హక్కు పత్రం అయిపోదు. వారసులందరూ సేల్ డీడ్‌లో సంతకం చేయాలి, లేదా అమ్మే ఆయనకు రిలీజ్ డీడ్ (తమ వాటా వదులుకునే పత్రం) రిజిస్టరు చేసి ఇవ్వాలి.

గుంటూరు గృహిణి:
అమ్మేవాళ్లకూ లాయరు కావాలి, ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మా అమ్మ స్థలం అమ్మినప్పుడు కొనేవారు పంపిన ముసాయిదా అగ్రిమెంటు కమ్ జీపీఏ (జీపీఏ అంటే మన తరఫున వ్యవహరించే అధికారం ఇంకొకరికి రాసిచ్చే పత్రం). చేతికి ఇచ్చేది కొంచెం అడ్వాన్సు, బదులుగా స్థలాన్ని ఎవరికైనా అమ్మే అధికారం మొత్తం వాళ్లకు! మా లాయరు దాన్ని పక్కనపెట్టి, గడువు పెట్టి మామూలు అగ్రిమెంటు రాయించారు.

డాలస్ తెలుగు:
అమ్మేవారు ఎన్నారై అయితే ఇంకో చిక్కు. 50 లక్షలు, ఆపైన విలువ ఉంటే ఒక్క శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి కొనేవారు ముందే కోసి కట్టే పన్ను) పట్టుకోవడమన్నది ఇక్కడ నివసించే అమ్మకందార్లకే. ఎన్నారైకి రేటు చాలా ఎక్కువ. పట్టుకోకపోతే ఆదాయపు పన్ను శాఖ నిలదీసేది కొన్నవారినే. ఇక విదేశంలో రాసిన జీపీఏ ఇక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

దస్తావేజు:
లాయరును మాత్రం ఏజెంటు చూపించిన వారిని పెట్టుకోకండి. బేరం కుదిరితేనే కమీషన్ దొరికే మనిషి తెచ్చిన లాయరు "వద్దు" అని ఎప్పుడంటాడు? ఒపీనియన్ రాతపూర్వకంగా, మీ పేరున తీసుకోండి. అమ్మే ఆయన పేరుతో కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో కేసులు కూడా వెతికించండి.

మియాపూర్ వాసి:
అమ్మే ఆయనను అడిగాను. ఇద్దరు చెల్లెళ్లున్నారు, నాయనమ్మ ఊళ్లో ఉంది. వీలునామా లేదు. పన్ను రికార్డులో మాత్రం పేరు మార్చుకున్నారు. బ్యాంకుకు వెళ్తే రిపోర్టు కాపీ ఇవ్వలేమన్నారు గానీ, "వారసులందరూ సంతకం చేయాలి" అన్న షరతు అందులో ఉందని నోటిమాటగా చెప్పారు. ఏజెంటు ఈ ముక్క మాకు చెప్పనేలేదు. అగ్రిమెంటు వాయిదా వేశాం.

ఆరో అంతస్తు:
చూశారా, బ్యాంకు లాయరు పట్టుకోనే పట్టుకున్నారు!

దస్తావేజు:
పట్టుకున్నారు, బ్యాంకుకు చెప్పారు. అడ్వాన్సు చెక్కు రాసేది మాత్రం ఈయన.