1911 పిస్టల్ విప్పాలంటే చేతులు పడిపోతున్నాయి, ఏ గైడ్ రాడ్ వేసుకోవాలి?

ఇర్వింగ్_శ్రీను:

గ్రీన్ కార్డ్ వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో ఒక 1911 కొన్నాను, .45 క్యాలిబర్, అయిదంగుళాల బారెల్, మూతి దగ్గర బారెల్‌ని పట్టుకునే మామూలు బుషింగ్ ఉన్నదే. కాల్చడానికి ఏ వంకా లేదు. రేంజ్ నుంచి వచ్చి క్లీనింగ్‌కి కూర్చుంటేనే తలనొప్పి. పాత ఓనర్ స్ప్రింగ్ లోపల ఉండే కడ్డీని, అదే గైడ్ రాడ్‌ని, పొడుగుది వేయించుకున్నాడు, ఒకటే ముక్కది, స్ప్రింగ్ ముందు టోపీలా ఉండే ప్లగ్‌కి ఉన్న కన్నంలోంచి దాని కొన ముందుకి కనిపిస్తుంటుంది. బొటనవేలితో ప్లగ్ నొక్కుదామంటే రాడ్ అడ్డం, ప్లగ్ కదలదు, రాడ్డే వేలికి గుచ్చుకుంటుంది. ప్లాస్టిక్ రెంచ్ పెట్టి నొక్కుతూ బుషింగ్ తిప్పుతుంటే రెంచ్ జారుతుంది, స్ప్రింగ్ ఎగిరి ఎక్కడ మొహాన తగులుతుందో అని టెన్షన్. పక్కనే మా ఫ్రెండ్ తన గ్లాక్ పిస్టల్‌ని అర నిమిషంలో నాలుగు ముక్కలు చేసేసి, కాఫీ తాగుతూ నన్ను చూస్తుంటాడు.

షాపులో అడిగితే రెండు ముక్కల రాడ్ తీసుకోమన్నాడు, ముందు సగం అలెన్ కీతో విప్పుకోవచ్చంట. స్ప్రింగ్ రాడ్‌కే బిగించి వచ్చేవి కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి. కొందరేమో ఆ పొడుగుది తీసిపారేసి మిలిటరీవాళ్ల పొట్టి రాడ్ వేసుకో అంటున్నారు. అలా చేస్తే గురి దెబ్బతినదా? స్ప్రింగ్ కూడా మార్చాలా?

రేంజ్_బాబాయ్:

శ్రీనూ, కొనేముందు ఇబ్బంది రాడ్‌తోనా, బుషింగ్‌తోనా అన్నది తేల్చుకో. ఈసారి ఎలాగోలా విప్పాక, స్ప్రింగ్ లేకుండా బారెల్, బుషింగ్ మాత్రమే స్లైడ్‌లో (వెనక్కీ ముందుకీ కదిలే పై భాగంలో) పెట్టి బుషింగ్‌ని వేళ్లతో తిప్పి చూడు. హాయిగా తిరిగితే రాడ్ మార్చుకుంటే చాలు. తిరగలేదంటే అది పోటీల కోసం బిగుతుగా ఫిట్ చేసిన మ్యాచ్ బుషింగ్, ఏ రాడ్ పెట్టినా రెంచ్ తప్పదు. అలాంటి బారెళ్లు చాలావరకు మూతి దగ్గర కాస్త లావుగా, వెనక సన్నగా ఉంటాయి కాబట్టి స్లైడ్‌ని కొంచెం వెనక్కి లాగి పట్టుకుని తిప్పితే తేలిగ్గా తిరుగుతుంది.

రెండోది, అందులో ఎన్ని పౌండ్ల బిగువున్న స్ప్రింగ్ ఉందో తెలుసా? అయిదంగుళాల .45కి మామూలుగా వాడేది 16 పౌండ్లది. సెకండ్ హ్యాండ్ అన్నావు కదా, పాత ఓనర్ 18.5 పౌండ్లదో 20 పౌండ్లదో వేసి ఉంటే నీ బొటనవేలు నొప్పికి సగం కారణం అదే. పాత స్ప్రింగ్ ఎంత కాల్చిందో తెలియదు కాబట్టి ఎలాగూ కొత్తది వేసుకో, పెద్ద ఖరీదేం కాదు.

ఇక అసలు సంగతి. పొట్టి రాడ్, దాంతోపాటు ముందు వైపు మూసి ఉన్న ప్లగ్, ఈ రెండూ కలిపి తీసుకో. ప్లగ్ మార్చకుండా రాడ్ ఒక్కటే మారిస్తే ఆ కన్నం అలాగే ఉండిపోతుంది. ఆకురాయితో ఏదీ అరగదీయక్కర్లేదు, పాతవి తీసి ఇవి పెట్టడమే. అయిదంగుళాల మోడల్‌ది అని చూసి కొను, 4.25 అంగుళాల కమాండర్ మోడల్‌కి ప్లగ్ పొట్టిగా ఉంటుంది. ఇవి విడిభాగాలే కాబట్టి ఇంటికే తెప్పించుకోవచ్చు.

గేర్_మూర్తి:

గురి గురించి అడిగారు కదా. 1911లో బారెల్ మూతిని పట్టుకునేది బుషింగ్, వెనక పట్టుకునేవి పైన ఉన్న లగ్గులు అనే గట్లు, కింద లింకు, దానిలోంచి పక్కగా దూరే స్లైడ్ స్టాప్ పిన్ను. గైడ్ రాడ్ ఈ లెక్కలో ఎక్కడా లేదు. సైట్లు ఉన్నది స్లైడ్ మీద, బారెల్ ప్రతిసారీ ఆ స్లైడ్‌లో ఒకేచోట కూర్చుంటే గురి కుదురుతుంది, అంతే.

పొడుగు రాడ్ లేకపోతే స్ప్రింగ్ లోపల మెలి తిరుగుతుందనే మాట కూడా చాలా ప్రచారంలో ఉంది. స్ప్రింగ్ ముందు భాగం ప్లగ్ గొట్టంలో ఉంటుంది, వెనక భాగంలో పొట్టి రాడ్ ఉంటుంది, చుట్టూ స్లైడ్ సొరంగం. స్లైడ్ పూర్తిగా వెనక్కి వచ్చేసరికి ప్లగ్ వచ్చి రాడ్‌ని దాదాపు కప్పేస్తుంది, ఇంక అది మెలి తిరగడానికి చోటెక్కడ? అమెరికా సైన్యం 1911 సంవత్సరంలో తీసుకున్న డిజైన్ ఇది, 1985లో బెరెట్టా ఎం9కి మారేదాకా ఆ పొట్టి రాడ్‌తోనే నడిచింది. పొడుగు రాడ్ వల్ల మూతి దగ్గర కాస్త బరువు పెరుగుతుంది, స్లైడ్ లాగుతుంటే నున్నగా అనిపిస్తుంది. పోటీలకి వెళ్లేవాళ్లకి అది నచ్చచ్చు. శ్రీను గారికి దాంతో పనిలేదు.

ప్లేనో_కిరణ్:

షాపువాడు చెప్పిన రెండు ముక్కలది నేను వాడాను, దాని జోలికి పోవద్దు బ్రో. విప్పడం నిజంగా తేలికే, 5/32 అలెన్ కీ పెట్టి ముందు ముక్క తీసేస్తే మిగతాదంతా పొట్టి రాడ్ లాగే. కానీ కాలుస్తుంటే అదే వదులైపోయి మెల్లగా బయటికి పాకుతుంది. రేంజ్‌లో మ్యాగజీన్ మార్చినప్పుడల్లా రాడ్ మూతి తడిమి చూసుకోవడం ఒక అలవాటైపోయింది. నీలం లాక్‌టైట్ జిగురు వేస్తే ఆగుతుంది అంటారు, అప్పుడు మళ్లీ విప్పడానికి కుస్తీ. తేలికగా విప్పుకోవాలని కొన్నదాన్ని జిగురు పెట్టి అంటించడమేంటో నాకైతే అర్థం కాలేదు.

స్ప్రింగ్ రాడ్‌కి బిగించి వచ్చేవి వేరే కథ. బుషింగ్ లేకుండా మూతి దగ్గర లావుగా ఉండే బుల్ బారెల్ 1911లు ఉంటాయి, వాటి రాడ్‌కి చిన్న రంధ్రం ఉంటుంది, అందులో వంచిన పేపర్ క్లిప్ దూర్చితే స్ప్రింగ్ నొక్కుకుపోయినట్టే ఉండిపోతుంది, మొత్తం ఒకేసారి బయటికి వచ్చేస్తుంది. నీది బుషింగ్ ఉన్నది కాబట్టి ఆ తలనొప్పి నీకెందుకు.

విశాఖ_మాజీఫౌజీ:

తమ్ముళ్లూ, నాకు 1911 పట్టుకున్న అనుభవం లేదు గానీ ఆర్మీలో 9ఎంఎం 1ఏ పిస్టల్ వాడాను, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ, బ్రౌనింగ్ హై-పవర్ నమూనాది. దాంట్లో తిప్పాల్సిన బుషింగే లేదు. స్లైడ్ వెనక్కి లాగి సేఫ్టీ పైకెత్తి గాట్లో ఆపడం, స్లైడ్ స్టాప్ తోసి లాగేయడం, స్లైడ్ ముందుకి తీసేయడం, స్ప్రింగ్ తన రాడ్‌తో కలిసి చేతికి వచ్చేస్తుంది. 1911 పిస్టల్ డిజైన్ గీసిన జాన్ బ్రౌనింగే దీన్నీ మొదలుపెట్టాడు, ఆయన 1926లో పోయాక బెల్జియంలో సైవ్ అనే డిజైనర్ పూర్తిచేస్తే 1935లో బయటికొచ్చింది. అంటే శ్రీను బాధ వాళ్లకి అప్పుడే అర్థమైనట్టుంది!

ఏ రాడ్ అయినా సరే, ముందు మ్యాగజీన్ తీయాలి, తర్వాత స్లైడ్ లాగి గుండు కూర్చునే చాంబర్ కళ్లతో చూడాలి, వేలు పెట్టి కూడా చూడాలి. ఈ వరస తిరగేస్తే లోపల గుండు ఉండిపోతుంది. కళ్లజోడు లేకుండా స్ప్రింగ్ మీద చెయ్యి వేయొద్దు.

హెచ్1బి_బాబు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాలాంటి వీసావాళ్లు కొనుక్కోవచ్చా?

రేంజ్_బాబాయ్:

బాబూ, నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ, ఇమ్మిగ్రేషన్ సంగతి కాబట్టి ఇక్కడి మాటలు నమ్మి కొనకు, లాయర్ని అడుగు.

ఇర్వింగ్_శ్రీను:

థాంక్స్ అందరికీ. బుషింగ్ వేళ్లతో తిరుగుతోంది బాబాయ్, కాబట్టి పొట్టి రాడ్, ప్లగ్, 16 పౌండ్ల స్ప్రింగ్ ఆర్డర్ పెట్టేశాను. అవి వచ్చేదాకా ఈ పొడుగు రాడ్‌తో ఎలా నెట్టుకురావాలి?

రేంజ్_బాబాయ్:

బుషింగ్‌తో మొదలుపెట్టకు. చాంబర్ చూసుకున్నాక స్లైడ్ అంచు గాటు స్లైడ్ స్టాప్‌కి ఎదురొచ్చేదాకా లాగి ఆ స్టాప్ తీసేయ్, స్లైడ్‌ని మొత్తంగా ముందుకి జరిపి ఫ్రేమ్ నుంచి తప్పించు. తప్పించేటప్పుడు రాడ్ తలని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకో, లేకపోతే వెనక్కి దూసుకొస్తుంది. స్ప్రింగ్ బిగువు పోయాక బుషింగ్ వేళ్లతో తేలిగ్గా తిరుగుతుంది. మళ్లీ బిగించేటప్పుడు మాత్రం స్ప్రింగ్ నొక్కి పట్టుకుని లింకు కన్నం స్లైడ్ స్టాప్‌కి ఎదురుగా తేవాలి, దానికి కాస్త ఓపిక కావాలి.

కొత్త ప్లగ్ వచ్చాక దాని లోపల చిన్న నాలుకలాంటిది ఉందేమో చూడు, ఉంటే స్ప్రింగ్ కొసని దాని కిందికి తిప్పి ఎక్కించు, అప్పుడు చెయ్యి జారినా ప్లగ్ గోడకి తగలదు. ఇంకోటి, స్లైడ్ స్టాప్ పెట్టేటప్పుడు ఫ్రేమ్ ఎడమ పక్క గీత పడుతుంది, అమెరికావాళ్లు దాన్ని ఇడియట్ స్క్రాచ్ అంటారు. ఆ చోట టేపు ముక్క అంటించుకుని, స్టాప్‌ని కింద నుంచి పైకి ఎత్తుతూ తోయి, అడ్డంగా లాక్కెళ్లకు.

ప్లేనో_కిరణ్:

సెకండ్ హ్యాండ్ అన్నావు కదా, ఆ గీత ఇప్పటికే ఉండే ఉంటుంది, చూసుకో 😄