పెళ్లిలో సన్నాయి మేళాన్ని సినిమా పాటలు వాయించమనొచ్చా?

తెనాలి_పిల్ల:
వచ్చే నెల మా చెల్లి పెళ్లి. మేళం మాట్లాడటానికి వెళ్లినప్పుడు మా బాబాయి ముందే చెప్పేశారు, జీలకర్ర-బెల్లం దగ్గర, తాళి దగ్గర గట్టిమేళం చాలు, మిగతా టైమంతా అందరికీ తెలిసిన సినిమా పాటలే కావాలని. నాన్నగారేమో పందిట్లో కీర్తనలే వినపడాలంటారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

మోహనరాగం:
అడగకూడదమ్మా. కచేరీలకు వెళ్లేవాళ్లు మనలో ఎంతమంది? ఏ సభకూ వెళ్లని మనిషి చెవిన కూడా ఇంత కల్యాణి, ఇంత మోహన పడేది పెళ్లి పందిట్లోనే. త్యాగరాజస్వామి వారి 'సీతాకల్యాణ వైభోగమే' పెళ్లిలో వాయించకపోతే ఇంకెక్కడ వాయిస్తారు? సినిమా పాటలు కారులో, ఫోన్లో, హోటల్లో రోజంతా వింటూనే ఉన్నాం కదా. ఆ రెండు గంటలైనా వదిలేయండి.

వేసవి_వాన:
వినేదెవరండీ? మా పెళ్లిలో గంటసేపు కీర్తనలే వాయించారు. ఒక్కరు తల తిప్పి చూస్తే ఒట్టు. చివర్లో ఒక పాత సినిమా పాట ఎత్తుకోగానే, కుర్చీలో కునుకు తీస్తున్న మా నాయనమ్మ లేచి కూర్చుని తొడ మీద తాళం వేసింది. ఆవిడ ఆనందం ఆనందం కాదా? ఆ పాటా ఏదో ఒక రాగంలోదే కదా.

కోనసీమ_కుర్రోడు:
చిన్న సవరణ. సన్నాయి అంటే షెహనాయి, పొట్టిగా ఉంటుంది. మన పెళ్లిళ్లలో వాయించేది నాదస్వరం.

మోహనరాగం:
మా తాతల నాటి నుంచీ మా వైపు దాన్ని సన్నాయి అనే అంటున్నాం, ఇక్కడ అందరికీ అర్థమైంది కూడా. అసలు విషయానికి వద్దాం. తెలిసినదే వినాలంటే కొత్తది తెలిసేదెప్పుడు? నాలుగు పెళ్లిళ్లలో చెవిన పడితే అయిదో పెళ్లిలో ఇదేదో విన్నానే అనిపిస్తుంది. రుచి అలాగే పుడుతుంది.

వేసవి_వాన:
రుచి గురించి మీరు నాకు చెప్పొద్దు. పదకొండేళ్ల వయసులో సంగీతం క్లాసుకు వెళ్లాను. సినిమా పాటలు పాడి పాడి గొంతు పాడుచేసుకున్నావు, ఇది సంగీతానికి పనికిరాదని పదిమంది పిల్లల ముందు అనేశారు. మర్నాటి నుంచి వెళ్లలేదు. ఇవాళ్టికీ కచేరీ హాల్లో అడుగు పెట్టాలంటే నాకు టెన్షనే. మీ మాటల్లో అదే గొంతు వినిపిస్తోంది. తెలిసినవాళ్లు పైన, తెలియనివాళ్లు కింద!

మోహనరాగం:
ఒక టీచరు చేసిన తప్పుకు సంగీతమేం చేస్తుందమ్మా? నేనెవరినీ కింద పెట్టలేదు. ఆ మాటకొస్తే వాయించేవాళ్లను అడగండి, కీర్తనలే ఇష్టమంటారు.

చీరాల_డోలు:
ఇన్ని పోస్టుల తర్వాత మా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా నాన్న నాదస్వరం, నేను పన్నెండో ఏట నుంచి డోలు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డ నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి ఫొటో మా ఇంట్లో ఉండేది. 1977లో పద్మశ్రీ వచ్చింది ఆయనకు. నాన్న ఆ ఫొటోకు దణ్ణం పెట్టుకునే వాయిద్యం తీసేవాడు. ఊదే పీకలు నాలుగైదు దారానికి కట్టి వేలాడుతుండేవి, ఒక్కోటి నోట్లో తడిపి, ఊది చూసి, ఆ రోజుకు పలికేది ఎంచుకునేవాడు.

కీర్తనా సినిమా పాటా అన్నది మాకెప్పుడూ బాధ కాలేదు. పంతులుగారు "భజంత్రీలు!" అని చెయ్యి ఊపితే వాయించాలి, మళ్లీ ఊపితే ఆపాలి. ఆలాపన మంచి పట్టులో ఉండగా ఒక కుర్రాడొచ్చి, ఆపండి, ఫొటోలు తీసుకోవాలి అంటాడు. ఆఖరి బంతిలో భోజనం, అప్పటికి కూరలు అయిపోయి ఉంటాయి. ఒక కీర్తన పందిట్లో వాయించేలా రావడానికి నాకు నెలలు పట్టింది. సినిమా పాట ఫోన్లో విని ఒక్క రాత్రిలో పట్టేవాణ్ణి. రెంటికీ ఇచ్చేది అదే డబ్బు. మా తమ్ముడు కీర్తన ఎందుకు నేర్చుకోవాలో మీరే చెప్పండి. నేను డోలు పక్కన పెట్టి ఆరేళ్లయింది.

వేసవి_వాన:
మా పెళ్లిలో మేళం వాళ్లు ఎక్కడ తిన్నారో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు. క్షమించండి.

మోహనరాగం:
బాబూ, మీ బాధ కాదనను. కానీ అడిగేవాళ్లే లేకపోతే నేర్చుకునేవాళ్లు అసలే ఉండరు. నేను పట్టుబట్టేది అందుకే.

చీరాల_డోలు:
అడగండి సార్. అడిగాక కూర్చుని వినండి. దానికి తగ్గ డబ్బు ఇవ్వండి. ఈ మూడూ కలిపి చేసిన ఇల్లు నాకు పన్నెండేళ్లలో ఒక్కటే తగిలింది.

తెనాలి_పిల్ల:
ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. సాయంత్రం మేళం ఆయన ఇంటికి వెళ్లి, మీకేం కావాలని అడిగారట. స్పీకర్ల వెనక కాకుండా మండపానికి దగ్గరగా చోటు, మధ్యలో ఆపకుండా పావుగంట అడిగారు ఆయన. నాన్నగారు ఒప్పుకున్నారు, డబ్బు కూడా పెంచారు, భోజనం మొదటి బంతిలోనే. బాబాయి మాత్రం అలిగి కూర్చున్నారు. ఆయన పాటల లిస్టు ఇంకా జేబులోనే ఉంది.