పాపకి మొదటి బొంత: ఏ రంగులు కలపాలి, చేతికుట్టా మెషినా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అక్క చంటిపాపకి ఐదో నెల నడుస్తోంది. 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవుతో బొంత కుడదామని ఉంది. ఇంట్లో ఉన్నవి ఇవి: లేత పసుపు వెంకటగిరి నూలు చీర (పాతది, బాగా మెత్తబడింది), జరీ అంచున్న ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర, ఎర్రటి పోచంపల్లి ఇక్కత్ నూలు దుపట్టా, కొత్త పెడన కలంకారీ గుడ్డ ఒక మీటరు. ఈ నాలుగూ కలిపితే బాగుంటుందా? ఎన్ని పొరలు వేయాలి? చేత్తో కుట్టాలా, మెషిన్ మీదా? బ్లౌజులు కుట్టడం వచ్చు, బొంత కొత్త.

జవాబు

రంగుల పొత్తు సంగతి తర్వాత చూద్దాం అండీ. ముందు ఏ గుడ్డ రంగు దిగుతుందో తేల్చుకోండి. ఐదు నెలల పాప బొంత అంచు నోట్లో పెట్టుకుంటుంది, తడుపుతుంది, మీరు వారానికి రెండుసార్లు ఉతుకుతారు. ఆ ఉతుకు తట్టుకోని గుడ్డ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

నాలుగు గుడ్డల్నీ విడివిడిగా, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. ప్రతి దాంట్లో అరచేయంత తెల్ల నూలు ముక్క వేయండి. నీళ్లు కాస్త రంగు తేలినా పర్వాలేదు, తెల్ల ముక్క రంగు పట్టుకుంటేనే ప్రమాదం. ఎరుపు, మెరూన్, ముదురు నీలం రంగులతోనే ఎక్కువ ఇబ్బంది. ఉప్పు, వెనిగర్ వేసి నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. అద్దకం అయిపోయిన నూలు గుడ్డకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అంటుకోకుండా మిగిలిన రంగు ఉతికి పోగొట్టుకోవాల్సిందే. మూడు నాలుగు ఉతుకుల తర్వాత కూడా తెల్ల ముక్క గులాబీ రంగు తేలితే ఆ ఎర్ర దుపట్టా పక్కన పెట్టేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే పసుపు ముక్కలన్నీ పాడవుతాయి.

కొత్త కలంకారీకి ఈ ఉతుకు మరీ ముఖ్యం. కొత్త నూలు గుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది, పాత చీర అప్పటికే కుంచించుకుపోయి ఉంటుంది. ఉతక్కుండా రెండూ కలిపి కుడితే బొంత ఉతికాక కలంకారీ ముక్కల చుట్టూ ముడతలు పడతాయి, ఇస్త్రీ చేసినా పోవు. చీరలకి గంజి ఉంటే అదీ పూర్తిగా వదలాలి.

మరో జవాబు

రంగుల పొత్తుకి ఒక తేలిక పద్ధతి ఉంది. గుడ్డలన్నీ పక్కపక్కన పరిచి ఫోన్లో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఒక లేత, రెండు మధ్యస్థం, ఒక ముదురు కనిపిస్తే అమరిక బాగుంటుంది. అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే, విడిగా ఎంత మంచి రంగులైనా బొంతలో కలిసిపోయి చప్పగా ఉంటాయి. ఎరుపూ ఆకుపచ్చా కంటికి దూరం దూరంగా అనిపిస్తాయి కానీ ఫొటోలో చాలాసార్లు ఒకే బూడిద తేలుతుంది, అది గమనించండి. మీ ఎరుపు ముదురుగా వస్తే నాలుగూ సరిపోయినట్టే. దాన్ని తీసేయాల్సి వస్తే రంగు దిగని ముదురు నీలం అరమీటరు కొనండి. ఐదో నెలకి పాప రంగులు బాగానే చూడగలుగుతుంది కాబట్టి లేత రంగులే వాడాలన్న నియమం ఏమీ లేదు.

నూనె రాసి నలుగు పెట్టే ఇల్లయితే తెల్లటి సాదా గుడ్డ పైన వేయకండి. ప్రింటు మీద మరక అంతగా కనబడదు. పసుపు మరక పడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి, ఎండకి పసుపు వెలిసిపోతుంది.

లెక్క, కత్తిరింపు గురించి

5 అంగుళాల చదరాలు కోయండి. చుట్టూ పావు అంగుళం మార్జిన్ పోతే కుట్టాక నాలుగున్నర మిగులుతుంది. అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80 ముక్కలకి సరిగ్గా 36 × 45 వస్తుంది. నాలుగు గుడ్డలు కాబట్టి ఒక్కో గుడ్డలో 20. ప్రతి వరసలో నాలుగు రంగులు రెండుసార్లు వచ్చేలా పెట్టి, కింది వరసని ఒక ముక్క పక్కకి జరిపితే రంగులు ఏటవాలు గీతల్లా సాగుతాయి.

44 అంగుళాల పన్నా కలంకారీలో 5 అంగుళాల వరసకి 8 ముక్కలొస్తాయి, మూడు వరసలకి 15 అంగుళాల గుడ్డ చాలు. మిగిలిన దాంట్లోంచి అంచు పట్టీ కూడా తీయవచ్చు. బొంత చుట్టుకొలత 162 అంగుళాలు, మూలలకీ అతుకులకీ ఇంకో 12 కలపండి. రెండున్నర అంగుళాల పట్టీలు ఐదు కావాలి, అంటే ఇంకో పన్నెండున్నర అంగుళాలు.

అడుగు గుడ్డ మంగళగిరి చీరలోంచి తీయండి. పైభాగం కంటే నాలుగు వైపులా 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 40 × 49. జరీ అంచు మొత్తం తీసేశాక పన్నా 40 మిగిలిందో లేదో కొలుచుకోండి. జరీ పాప చర్మానికి గీసుకుంటుంది, ఉతికినకొద్దీ పోగులు లేస్తాయి. చీరకి ఫాల్ ఉంటే అదీ విప్పేయండి.

వెంకటగిరి చీర లోపలి పొరలకి. పైన వేస్తే అదే ముందు చిరుగుతుంది. గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. కుచ్చిళ్ల అడుగున, కూర్చునే చోట పోగులు పలచబడి ఉంటాయి. రెండు బొటనవేళ్లతో లాగినప్పుడు పోగులు జరిగితే ఆ చోటు వదిలేయండి. 5.5 మీటర్ల చీరలో 49 అంగుళాల ముక్కలు నాలుగు వస్తాయి, వాటిలో గట్టిగా ఉన్న రెండు చాలు. పైన కూడా పసుపు కావాలనుకుంటే మిగతా దాంట్లోంచి రెండేసి పొరలు కలిపి ఒక్కో చదరంగా వాడండి.

పైది ఒకటి, లోపల రెండు, అడుగుది ఒకటి, మొత్తం నాలుగు పొరలు. అంతకు మించితే చేతి సూది దిగడం కష్టం, మన ఎండలకి వేడి కూడా.

దూది గురించి

విడి దూది వద్దండి. బూరుగు దూది అసలే వద్దు. రజాయిలో అయితే సరే, అది తరచూ ఉతికేది కాదు. పాప బొంతలో దూది నాలుగు ఉతుకుల్లో ఉండలు కట్టి ఒక మూలకి చేరుతుంది. చలి ప్రాంతంలో ఉన్నవాళ్లు నూలు బ్యాటింగ్ షీటు (దూదిని షీటులా అదిమి చేసింది) ఒక పొర వేయొచ్చు. అప్పుడు చీర పొరలు తీసేయాలి.

ఒక జాగ్రత్త

ఏడాది నిండేవరకు నిద్రపోయే పాప పక్కలో వదులుగా దుప్పట్లు, బొంతలు ఉంచొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఈ బొంతని ఇప్పటికి నేల మీద పరిచి పాపని బోర్లా ఆడించడానికి వాడండి, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. లంబాడీ కుట్టులో అద్దాలు చాలా అందంగా ఉంటాయి, కానీ పాప బొంత మీద అద్దాలు, పూసలు, బొత్తాలు, కుచ్చులు వేయకండి. చిన్నపిల్లలు వాటిని పీకి నోట్లో వేసుకుంటారు.

చేతికుట్టా మెషినా

ఈ నాలుగు పొరలకి నా ఓటు చేతికుట్టుకే. చీర పొరలు మెత్తగా ఉంటాయి, రన్నింగ్ కుట్టు వాటిని బిగించదు. 7 నంబరు ఎంబ్రాయిడరీ సూది, ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలోంచి మూడు పోగులు తీసుకోండి. దారం మూరన్నరకి మించితే చిక్కు పడుతుంది, గుడ్డలోంచి లాగినకొద్దీ నలుగుతుంది కూడా.

నాలుగున్నర అంగుళాల చదరంలో నిలువు గీతలు మూడు గీయండి: ఎడమ కుట్టు నుంచి ముప్పావు అంగుళం దగ్గర ఒకటి, అక్కణ్నుంచి ఒకటిన్నర అంగుళాలకి ఒకటి చొప్పున ఇంకో రెండు. అప్పుడు ఏ గీతా నిలువు అతుకు మందం మీద పడదు. మొత్తం 24 గీతలు, ఒక్కోటి 45 అంగుళాలు, 27 మీటర్ల పైచిలుకు. కుట్టులో పోయేది, కొసలు కలిపితే 35 మీటర్లు అనుకోండి. 8 మీటర్ల లచ్చిలో మూడేసి పోగులు తీస్తే 16 మీటర్లు, కాబట్టి మూడు లచ్చీలు కొంటే సరిపోతుంది. కుట్టు పావు అంగుళం దాటకూడదు. కుట్టు పొడవైతే కాలివేళ్లు ఇరుక్కుంటాయి, దారం బిగిస్తే రక్తం ఆగిపోతుంది. కాలివేలికి చుట్టుకున్న దారం పెద్దవాళ్లకి వెంటనే కనబడదు కూడా.

దీనికి ఇంకొకరి మాట

బ్లౌజులు కుట్టే చేయి కాబట్టి మెషిన్ కూడా భయం లేకుండా వాడవచ్చు. అయితే వాకింగ్ ఫుట్ (పై గుడ్డనీ కింది గుడ్డతో పాటే నడిపించే ఫుట్) ఉండాలి. మామూలు ఫుట్‌తో కింది పళ్లు అడుగు గుడ్డని ముందుకు లాగుతాయి, పై గుడ్డ వెనకబడుతుంది. వరస చివరికొచ్చేసరికి పైభాగం మడతపడేది అందుకే. 14 నంబరు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, ఫుట్ ఒత్తిడి కొంచెం తగ్గించండి. నడిమి గీతతో మొదలుపెట్టి బయటికి రండి, గీతలన్నీ ఒకే దిశలో కుట్టండి.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే కవంది అనే బొంతలో కుట్టు అంచుల నుంచి మొదలై లోపలికి చుట్టుకుంటూ వస్తుంది. వాళ్లు ముక్కల్ని కుడుతూనే పేర్చుకుంటారు కాబట్టి అలా కుదురుతుంది. ముందే అతికిన పైభాగానికి మాత్రం మధ్య నుంచి బయటికే.

మళ్లీ ప్రశ్న

ఎరుపు దిగింది, నీలం తెచ్చాను. చేత్తోనే మొదలుపెట్టాను. రెండు వరసలయ్యేసరికి అడుగు గుడ్డలో ముడతలు కనిపిస్తున్నాయి. విప్పాలా?

జవాబు

విప్పేయండి, రెండు వరసలే కదా. కచ్చాకుట్టు వేశారా? నేల మీద అడుగు గుడ్డ తిరగేసి పరిచి, అంచులకి మాస్కింగ్ టేపు అంటించి బిగువుగా ఉంచాలి, సాగదీయకూడదు. దానిమీద మిగతా పొరలు ఒక్కోటీ చేత్తో సవరిస్తూ పరిచి, మధ్య నుంచి బయటికి బెత్తెడు దూరానికొక పిన్నీసు పెట్టండి, లేదా పొడుగు కుట్లతో కచ్చాకుట్టు వేయండి. పిన్నీసులు పెడితే కుట్టు పూర్తయ్యాక లెక్కపెట్టి తీయండి, ఒక్కటీ మిగలకూడదు. ముడతకి రెండో కారణం దారం బిగలాగడం. జానెడు కుట్టాక వరస మీద బొటనవేలు రాసి సవరించి, అప్పుడు ముందుకు వెళ్లండి.

చివరి సందేహం

సరిచేశాను, ఇప్పుడు చదునుగా వస్తోంది. ముడులు ఎక్కడ వేయాలి? మూలల దగ్గర పట్టీ ఎలా తిప్పాలి?

జవాబు

దారం కొసకి చిన్న ముడి వేసి, మొదటి కుట్టుకి అంగుళం ముందు పైగుడ్డలో సూది దింపండి. చిన్నగా లాగితే ముడి టప్‌మని లోపలికి పోతుంది. చివర కూడా గుడ్డకి దగ్గరగా ముడివేసి అలాగే లోపలికి లాగి, అంగుళం దూరంలో సూది పైకి తీసి దారం కత్తిరించండి. కొస పొరల మధ్యే ఉండిపోతుంది.

పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. పైవైపు అంచుతో తెరిచిన అంచు కలిపి పావు అంగుళం మార్జిన్‌తో కుట్టండి. మూల ఇంకా పావు అంగుళం ఉందనగా ఆగి, దారం తెంచి, పట్టీని పైకి ఏటవాలుగా మడిచి, మళ్లీ కిందికి దించి రెండో అంచు మొదలు నుంచి కుట్టండి. వెనక్కి తిప్పి దగ్గర దగ్గరగా ఎమ్మింగ్ చేయండి. పాప నమిలేది ఆ మూలల్నే కాబట్టి అక్కడ రెండుసార్లు కుట్టండి.