రౌండు ముగిశాక హత్తుకోవడం: నా జోడీని ఇబ్బంది పెట్టానా?

ప్రశ్న (నీలంబెల్టు)

నేను నాలుగేళ్లుగా బ్రెజిలియన్ జియు జిట్సు (ఎక్కువగా నేల మీద పట్లు పట్టే కుస్తీ లాంటి విద్య) సాధన చేస్తున్నాను. రౌండు మొదలయ్యే ముందు ఇద్దరం అరచేతులు చరుచుకుని, పిడికిళ్లు ఆనించుకుంటాం. ముగిశాక మళ్లీ అదే చేస్తాం. నాకు మాత్రం మొదటి నుంచీ మరో అలవాటు కూడా ఉంది. గంట మోగగానే జోడీని దగ్గరకు తీసుకుని, వీపు మీద రెండు సార్లు తట్టి వదులుతాను. ఇన్నేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి అది కూడా మర్యాదలో భాగమేనని అనుకుంటూ వచ్చాను.

మూడు నెలల కిందట ఒకాయన కొత్తగా చేరారు. తెల్లబెల్టు, అంటే మొదటి మెట్టు; మితభాషి. ఈమధ్య నాతో ఆడిన రౌండులో మొదటిసారి నా గార్డు (కింద ఉన్నవారు కాళ్లతో పెట్టే అడ్డు) దాటి పక్కకు వచ్చి, గంట మోగే వరకు నన్ను కదలనివ్వలేదు. నాకు ఎంత సంతోషమైందంటే, లేస్తూనే ఆయనను రెండు చేతులా హత్తుకున్నాను. ఆయన చేతులు పక్కలకు కుట్టేసినట్టు అలాగే ఉండిపోయాయి. ఊపిరి బిగబట్టారని నాకు స్పష్టంగా తెలిసింది. ఆ తరువాత రెండు వారాలుగా జోడీలు కట్టే సమయానికి ఆయన బెల్టు సరిచేసుకుంటూ అవతలి మూలకు వెళ్లిపోతున్నారు.

అంతకు అర నిమిషం ముందు నా తల ఆయన చంక కింద ఇరుక్కుని ఉంది. ఇద్దరి చెమటా ఒకటే అయిపోయింది. అప్పుడు లేని ఇబ్బంది రెండు క్షణాల కౌగిలితో ఎందుకు వచ్చిందో నాకు అంతుపట్టడం లేదు. పైగా ఇద్దరం మగవాళ్లమే. ఆయనకు క్షమాపణ చెప్పాలా, చెబితే చిన్న విషయాన్ని పెద్దది చేసినట్టు అవుతుందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1 (పాతచాప)

నేను పదకొండేళ్లుగా నేర్పుతున్నాను. ఇలాంటి ఫిర్యాదు ఏడాదికి ఒకటైనా నా దగ్గరకు వస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

పట్టులో ఉన్నప్పుడు ఆయన కావాలనుకున్న క్షణంలో మీ ఒంటి మీద రెండు సార్లు తట్టి బయటపడగలరు. చేయి చిక్కుకుంటే కాలితో చాపను తట్టవచ్చు, అదీ కుదరకపోతే నోటితో చెప్పవచ్చు. తట్టగానే వదలాలన్నది మేము మొదటి రోజే నేర్పుతాం. చంక కింద తల ఇరుక్కున్నా ఎవరికీ ఇబ్బంది అనిపించకపోవడానికి కారణం అదే. కౌగిలికి అలాంటి ట్యాప్ లేదు. (మీరు వీపు మీద రెండు సార్లు తడతానన్నారు, మన భాషలో దానికి అర్థం "వదలండి" అని. ఆయన కూడా లోలోపల అదే తడుతూ ఉండి ఉంటారు.)

రెండో సంగతి బెల్టు రంగు. నాలుగేళ్ల అనుభవం ఉన్నవారు మీద చేయి వేస్తే మూడు నెలల వ్యక్తి తోసేయలేరు. మీ పాత స్నేహితులు కాదనలేదంటే వాళ్లకు ఇష్టమేనేమో, మొహమాటమేమో ఎవరికి తెలుసు? నేను కూడా విద్యార్థి తుంటి సరిచేయాల్సి వస్తే, "నడుము పట్టుకుని కొంచెం ఎడమకు తిప్పుతున్నాను" అని ముందు చెప్పి, ఆ తరువాతే చేయి వేస్తాను. ఈ అలవాటు నాకు పుట్టుకతో రాలేదు, ఒక విద్యార్థి ముఖం చిట్లించడం చూశాక వచ్చింది.

ఆచరణలో నేను చెప్పేది ఒకటే. గంట మోగాక చేతిని ఛాతీ ఎత్తున సగం దూరం చాచి ఆపండి. మిగతా సగం దూరం ఎదుటివారిది. పిడికిలి ఆనిస్తారో, చేయి కలుపుతారో, మిమ్మల్ని లాగి హత్తుకుంటారో వారికే వదిలేయండి. కౌగిలి కంటే నాకు ఎక్కువ చిరాకు కలిగించేవి వేరే ఉన్నాయి: గంట మోగాక కూడా కింద ఉన్న మనిషి మీద బరువంతా మోపి తీరిగ్గా కబుర్లు చెప్పడం, చిన్నవాళ్ల జుట్టు చెరపడం, అడగకుండా ఎదుటివారి బెల్టు విప్పి కట్టడం.

క్షమాపణ మాత్రం ఒక్క వాక్యంలో, నలుగురిలో కాకుండా చెప్పండి. "మీరు బాధపడ్డారా?" అని అడగకండి; అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆయన మీదే పడుతుంది.

జవాబు 2 (మూడోవరుస)

కోచ్ గారు చెప్పినదానితో చాలా వరకు ఏకీభవిస్తాను. అయితే అవతలి వైపు నుంచి, అంటే ఆరేళ్లుగా మగవాళ్లే ఎక్కువగా ఉన్న తరగతిలో సాధన చేస్తున్న మహిళగా, కొంత చేర్చాలి.

నాకు ఎదురయ్యే సమస్య చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. రౌండులో కొందరు నా మణికట్టును వేడి గిన్నె పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంటారు. కింద ఉన్నవారి ఛాతీ మీద కూర్చుని బరువు వేయాల్సిన మౌంట్‌లో మోకాళ్ల మీద గాలిలో తేలుతూ ఉంటారు, దానివల్ల నేను తప్పించుకోవడం నేర్చుకోలేను. గౌరవమని వారు అనుకునేది నాకు సాధనలో నష్టం. విచిత్రమేమిటంటే, రౌండంతా అలా తాకీ తాకకుండా ఉన్నవారే ఫోటో తీసే సమయానికి చొరవగా భుజం మీద చేయి వేస్తారు! ఎక్కడ గట్టిగా పట్టుకోవాలో అక్కడ పట్టుకుని, గంట మోగాక వదిలేస్తే చాలు. "ఇద్దరం మగవాళ్లమే" అన్న మీ మాట కూడా ఇక్కడ చెల్లదు. మాతో ఆచితూచి వ్యవహరించేవారు మగవాళ్ల విషయంలో ఆ ఆలోచనే చేయరు.

ఆ క్షణంలో అంత ఆప్యాయత పుట్టుకురావడానికి శరీరం కూడా కారణమే. 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, తీవ్రమైన సాధన ముగిసిన వెంటనే లాలాజలంలో, ఆప్యాయతతో ముడిపెట్టే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరిగిందనీ, నేల మీద పట్లు పట్టినవారిలో ఆ పెరుగుదల గుద్దులు, తన్నులతో తలపడినవారిలో కంటే ఎక్కువగా ఉందనీ, శరీరం చల్లబడ్డాక మళ్లీ మునుపటి స్థాయికి వచ్చిందనీ తేల్చారు. కాబట్టి కాసిన్ని నీళ్లు తాగి వచ్చి "బాగా దాటారండీ" అని చెబితే, ఆ మెప్పుదల ఆయనకు ఇంకా బాగా అందుతుంది.

మరొక మాట. ఆయన బిగుసుకుపోవడానికి పక్కటెముక నొప్పి కారణం కావచ్చు, చర్మం మీద తామర మచ్చ కనిపించి ఎవరికీ అంటించకూడదని దూరంగా ఉంటుండవచ్చు. అందుకే క్షమాపణలో ఆయన మనసును మీరే ఊహించి చెప్పకండి. మీరు చేసిన పని వరకే మాట్లాడండి.

జవాబు 3 (విసురుపడేవాడు)

నాది జూడో. మాకు ఈ చిక్కు తక్కువే, ఎందుకంటే మొదలుకూ ముగింపుకూ వంగి నమస్కరించడం ఉంది: నిలబడి అయితే 30 డిగ్రీలు, కూర్చుని అయితే అరచేతులు చాప మీద ఆనించి. ఇద్దరి మధ్యా ఖాళీ అలాగే ఉంటుంది, అయినా చెప్పాల్సింది అందుతుంది. 1882లో కోడోకాన్ అనే జూడో పాఠశాలను స్థాపించిన జిగోరో కానో తన విద్యకు పెట్టుకున్న సూత్రాలలో ఒకటి "జితా క్యోయెయ్", అంటే తానూ ఎదుటివారూ కలిసి బాగుపడటం. విసరడం నేర్చుకోవడానికి ఎవరో ఒకరు తమ ఒళ్లు అప్పగించాలి. ఆ అప్పు తీరుస్తున్నట్టుగానే నేను వంగుతాను.

కోచ్ గారితో ఒక చిన్న విభేదం. ఆప్యాయత అంతా గంట మోగాకే చూపించాలన్నట్టు చర్చ సాగుతోంది. మా దగ్గర అది త్రో మధ్యలోనే ఉంటుంది. భుజం మీదుగా విసిరేటప్పుడు జోడీ స్లీవ్‌ను చివరి వరకు వదలకుండా, ఆయన చాపను తాకే క్షణంలో కొంచెం పైకి లాగి పట్టుకోవాలి. ఆ లాగుడు ఉంటే మనిషి పక్కకు తిరిగి, తల నేలకు తగలకుండా పడతాడు. లేకపోతే వీపంతా ఒక్కసారిగా మోగుతుంది. నాతో పన్నెండేళ్లుగా సాధన చేస్తున్న ఒకాయన నన్ను ఒక్కసారి కూడా హత్తుకోలేదు, నా స్లీవ్‌ను ఒక్కసారి కూడా వదలలేదు.

గోళ్లు కత్తిరించుకోవడం, ఉతికిన గీ (సాధన దుస్తులు) వేసుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

నీలంబెల్టు (మళ్లీ)

అందరికీ కృతజ్ఞతలు. తరగతి ముగిశాక చెప్పుల దగ్గర ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, "ఆ రోజు అడగకుండా హత్తుకున్నాను, పొరపాటు నాదే, ఇక అలా చేయను" అని చెప్పాను. ఆయన "పర్వాలేదండీ" అన్నారు, అంతకుమించి ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాతి తరగతిలో కూడా వేరొకరితోనే ఆడారు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఏమైనా ఇంకా చెప్పాలని నోటి దాకా వచ్చింది కానీ, పాతచాప గారి మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

నిన్న ఆయనే ఎదురుగా వచ్చి కూర్చుని పిడికిలి సగం దూరం చాచారు. నేను మిగతా సగం చాచాను. రెండో నిమిషంలో నా కాలర్ పట్టుకుని మెడ బిగించారు, నేను ఆయన భుజం మీద రెండు సార్లు తట్టాను. వెంటనే వదిలేశారు.